మాట మధ్యలో పాట: ఈ ఇంగ్లీషు మ్యూజికల్స్ మనకి ఎక్కుతున్నాయా, లేదా?

మూడో_వరుస | శనివారం, రాత్రి 10:42

మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే గోల. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి 'కేపాప్ డీమన్ హంటర్స్' అనే యానిమేషన్ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కపెట్టడం మానేశాను. 'గోల్డెన్' పాటలో ఆ పైస్థాయి అందుకోవాలని బాత్రూంలో రోజూ యుద్ధమే. పక్క ఫ్లాట్ ఆంటీ మొన్న లిఫ్టులో "పాపకి ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

ఇదే పిల్ల మన సినిమాలో పాట రాగానే ఫోన్ తీస్తుంది. ఎందుకే అంటే, "అమ్మా, అందులో పాట స్కిప్ చేస్తే కథ అర్థం కాదు. మన సినిమాలో చేస్తే ఏమీ కాదు" అంది. ఒళ్ళు మండింది గానీ సమాధానం తట్టలేదు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగినదాన్ని, ఆ మాట ఊరికే ఎలా వదిలేస్తాను?

2016లో 'లా లా లాండ్', 2017లో 'ద గ్రేటెస్ట్ షోమ్యాన్', 2024లో 'వికెడ్', ఇప్పుడు ఇది. పాత్రలే పాడుతూ, పాటతోనే కథ నడిపే ఈ మ్యూజికల్స్ నిజంగా తిరిగొచ్చాయా? వస్తే ఎందుకొచ్చాయి? నచ్చినవాళ్ళూ నచ్చనివాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

నేల_టికెట్ | శనివారం, రాత్రి 11:05

నచ్చనివాళ్ళ తరఫున నేను.

కాఫీ తాగుతూ మామూలుగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి కప్పు పక్కన పెట్టి రాగం ఎత్తుకుంటే నాకు నవ్వు ఆగదు. పక్కవాళ్ళు గుర్రుమంటారు. మనవాళ్ళు స్విట్జర్లాండ్ వెళ్ళి పాడితే ఒక క్లారిటీ ఉంటుంది. ఇది పాట, కథ అక్కడే ఆగింది, హీరో చొక్కాలన్నీ అయిపోయాక మళ్ళీ మొదలవుతుంది. ఈలోపు నేను బయటికెళ్ళి టీ తాగొస్తా. వీళ్ళేమో టీ తాగే టైం కూడా ఇవ్వరు.

ఎడిట్_టేబుల్ | శనివారం, రాత్రి 11:31

నేల_టికెట్ గారూ, మీ నవ్వు హాలీవుడ్‌కి ఎప్పుడో తెలుసు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ టెన్షనే అది.

2002 నాటి 'షికాగో' చూడండి. దర్శకుడు రాబ్ మార్షల్ దీనికి తెలివైన దారి వెతికాడు. పాటలు దాదాపు అన్నీ రాక్సీ అనే అమ్మాయి బుర్రలోనే జరుగుతాయి. బయట జైలు, పోలీసులు, లాయరు. తన ఊహలో మాత్రం స్టేజీ, లైట్లు, బ్యాండు. అంటే ఎవరూ వీధిలో నిలబడి పాడరు. "వీళ్ళెందుకు పాడుతున్నారు?" అని అడిగేవాడికి "ఆ పిల్ల అలా ఊహించుకుంటోంది" అని జవాబు సిద్ధం. ఎడిటింగ్ కూడా ఆ రెండు లోకాల మధ్య టకటకా తిరుగుతుంది. ఉత్తమ చిత్రంతో కలిపి 6 ఆస్కార్లు. 1968 నాటి 'ఆలివర్!' తర్వాత ఒక మ్యూజికల్‌కి ఉత్తమ చిత్రం రావడం అదే మొదటిసారి. మధ్యలో ముప్పై ఏళ్ళకు పైగా ఖాళీ.

'లా లా లాండ్' అలాంటి సాకేమీ చెప్పదు. మొదటి సీనులోనే ట్రాఫిక్ జామ్‌లో జనం కార్లు దిగి పాడేస్తారు. లాస్ ఏంజెలెస్‌లో నిజం ఫ్లైఓవర్ ర్యాంప్ రెండు రోజులు మూసి, మండుటెండలో తీశారు. ఒకే షాట్‌లా కనిపిస్తుంది గానీ మూడు ముక్కలు అతికించారు. అతుకులు ఎక్కడున్నాయో ఉద్యోగరీత్యా వెతికాను. వెతికితే తప్ప దొరకవు. ఆ సీను పని ఒక్కటే: "ఇష్టమైతే కూర్చో, లేకపోతే ఇప్పుడే వెళ్ళిపో" అని మొదటి అయిదు నిమిషాల్లో చెప్పేయడం.

నేల_టికెట్ | శనివారం, రాత్రి 11:38

వెళ్ళిపోయినవాళ్ళలో నేనొకణ్ణి 😀

డల్లాస్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 6:50

ఇక్కడ శనివారం రాత్రి. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఇప్పుడే చూశా ఈ థ్రెడ్.

'గ్రేటెస్ట్ షోమ్యాన్' సంగతి చెప్తా. 2017 క్రిస్మస్ ముందు వచ్చింది. మొదటి వారాంతం అమెరికాలో వచ్చింది 88 లక్షల డాలర్లు. ఆ బడ్జెట్‌కి అది ఫ్లాపే. మన దగ్గరైతే సోమవారానికల్లా పోస్టర్లు పీకేసేవాళ్ళు. రెండో వారాంతం తగ్గాల్సింది పోయి దాదాపు కోటిన్నరకి పెరిగింది. అలా నెలల తరబడి ఆడి అమెరికాలోనే 17 కోట్లు దాటింది. విమర్శకులు ఏకిపారేశారు. సినిమాలో హీరోగా చూపించిన సర్కస్ యజమాని బార్నమ్ నిజజీవితంలో అంత మంచోడేమీ కాదు, బానిసగా ఉన్న ముసలామెని ప్రదర్శనకి పెట్టి డబ్బు చేసుకున్నవాడు. సినిమా ఆ ఊసే ఎత్తదు. ఆ విమర్శ న్యాయమే. కానీ పాటలు జనంలోకి వెళ్ళిపోయాయి. మా అబ్బాయి స్కూల్ బస్సులో అందరూ అవే పాడేవాళ్ళు.

ఇంకో తమాషా. 2023లో 'వోంకా', 'ద కలర్ పర్పుల్', 2024 మొదట్లో 'మీన్ గర్ల్స్'. మూడూ మ్యూజికల్సే. ట్రైలర్లు చూస్తే మాత్రం ఆ సంగతి పట్టుకోవడం కష్టం! పెళ్ళిచూపుల్లో అబ్బాయి బట్టతల టోపీ కింద దాచినట్టు. 'మీన్ గర్ల్స్'కి మా ఆవిడ మామూలు కామెడీ అనుకుని వచ్చింది. మొదటి పాట రాగానే నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

హార్మోనియం_పెట్టె | ఆదివారం, ఉదయం 8:15

నమస్కారం. ఇంగ్లీషు సినిమాలు నేను పెద్దగా చూడను. మనవరాలి పుణ్యమా అని 'వికెడ్' చూశాను, అందుకే రాస్తున్నా.

మాట్లాడే మనిషి పాట ఎత్తుకుంటే నవ్వొస్తుందన్నారు ఒకరు. మా నాన్నగారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. నా చిన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకం అంటే తెల్లవార్లూ జరిగేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడక సీను గుర్తుందా? కృష్ణుడు నిద్ర లేచి ముందు కాళ్ళ దగ్గరున్న అర్జునుణ్ణి పలకరిస్తాడు. తర్వాత తల దగ్గరున్న దుర్యోధనుడి వైపు తిరిగి "బావా! ఎప్పుడు వచ్చితీవు" అని ఎత్తుకుంటాడు. మాటగా చూస్తే అందులో ఏముంది? ఎప్పుడొచ్చావు, ఇంట్లో అంతా బాగున్నారా, అంతే. బస్టాండులో మనం అడిగే మాటే. దాన్ని పద్యంగా, రాగం తీసి పాడితే వేలమంది ఊపిరి బిగబట్టి విన్నారు. ఒక్కడూ నవ్వలేదు. పైగా వన్స్ మోర్.

ఎందుకంటే ఆయన ఎప్పుడొచ్చాడో కృష్ణుడికి తెలుసు. తెలిసీ అడుగుతున్నాడు. ఆ వెటకారం మాటలో అంటే అరక్షణంలో అయిపోతుంది. రాగంలో సాగదీస్తే, ఆ సాగదీతలోనే దుర్యోధనుడి మొహం మాడుతూ కనిపిస్తుంది. నాన్నగారు ఆ చోట పెట్టె మీద వేలు కదపకుండా ఒకే స్వరం పట్టి ఉంచేవారు. నటుడు మళ్ళీ మాటలోకి దిగేదాకా వదిలేవారు కాదు.

'వికెడ్'లో ఒళ్ళంతా ఆకుపచ్చగా ఉండే మంత్రగత్తె పిల్ల ఆఖర్న చీపురెక్కి పాడుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. మా మనవరాలితో "ఇది పద్యనాటకమేనే" అన్నాను. నమ్మలేదు.

కీబోర్డు_మాస్టారు | ఆదివారం, ఉదయం 9:40

హార్మోనియం_పెట్టె గారికి దండం. "మళ్ళీ మాటలోకి దిగేదాకా" అన్నారు చూడండి, ఈ చర్చంతా నాకు అక్కడే ఉంది.

మన సినిమాల్లో, చాలావరకు వాళ్ళ సినిమాల్లో కూడా, పాట ముందే స్టూడియోలో రికార్డ్ అయిపోతుంది. సెట్లో నటుడు దానికి పెదాలు కలుపుతాడు. అంటే మూడు నెలల క్రితం ఏసీ గదిలో తీసుకున్న ఊపిరికి ఇవాళ ఎండలో మొహం పెట్టాలి. ఎంత బాగా చేసినా మాట ఆగి పాట మొదలైన చోట ఒక అతుకు తెలుస్తుంది. గొంతు మారుతుంది, గది మారుతుంది. నేల_టికెట్ గారికి నవ్వొచ్చేది అక్కడే అని నా అనుమానం.

2012లో 'లే మిజరాబ్ల్' తీసినప్పుడు టామ్ హూపర్ దీన్ని తిరగేశాడు. నటుల చెవిలో కనపడని చిన్న ఇయర్‌పీసు. సెట్ పక్కనే ఒకాయన పియానో వాయిస్తుంటే అది చెవిలో వినపడుతుంది. నటుడు పాడుతూ ఏడవాలంటే ఏడుస్తాడు, ఆగాలంటే ఆగుతాడు. పియానో ఆయన వెనకే వెళ్తుంది. ఆర్కెస్ట్రా అంతా తర్వాత కలిపారు. ఆన్ హాథవే పాట ఒకటి ఆ సినిమాలో ఒకే షాట్, మొహం మీదే కెమెరా. గొంతు పూడుకుపోతుంది, ముక్కు ఎగబీలుస్తుంది, ఒకట్రెండు చోట్ల శృతి కూడా అటూ ఇటూ అవుతుంది. స్టూడియోలో అయితే "ఇంకో టేక్ తీసుకుందామమ్మా" అనేవాణ్ణి నేనే. ఆమెకి ఆస్కార్ వచ్చింది. అదే పద్ధతి అదే సినిమాలో నటించిన రసెల్ క్రోని మాత్రం నిలువునా ముంచింది. లైవ్‌లో దాక్కోవడానికి చోటుండదు.

'వికెడ్'లో సింథియా ఎరివో, అరియానా గ్రాండే కూడా చాలావరకు సెట్లోనే పాడారు. ఎరివో అయితే తాళ్ళకి వేలాడుతూ.

ఇదేమీ కొత్త కాదు. ప్లేబ్యాక్ రాకముందు మన మొదటి టాకీల్లో పాడగలిగినవాళ్ళే నటులు. కెమెరాకి కనపడకుండా వాద్యాలవాళ్ళని కూర్చోబెట్టి అక్కడికక్కడే రికార్డు చేసేవారు. తర్వాత మనకి ఘంటసాల, సుశీల, బాలు లాంటి గొంతులు దొరికాయి. అంత గొప్ప గొంతు ఉంటే నటుణ్ణెందుకు పాడనిస్తాం? నష్టపోయామని అనను. కానీ మాట నుంచి పాటలోకి జారే ఆ మెట్టు మాత్రం మన సినిమాలో అరిగిపోయింది.

మూడో_వరుస | ఆదివారం, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, ఆ మెట్టు నేను చూశాను!

'లా లా లాండ్' చివర్లో ఎమ్మా స్టోన్ ఆడిషన్ సీను. వాళ్ళు "ఏదో ఒక కథ చెప్పు" అంటారు. ఆమె వాళ్ళ పిన్ని ప్యారిస్‌లో నదిలోకి చెప్పుల్లేకుండా దూకిన సంగతి చెప్పడం మొదలుపెడుతుంది. మామూలు మాట. ఒక వాక్యం కొంచెం నెమ్మదిస్తుంది. ఇంకో వాక్యం చివర కొంచెం సాగుతుంది. చుట్టూ గది చీకటైపోతుంది. ఎక్కడ పాట మొదలైందో నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను, కచ్చితంగా చెప్పలేను. పాట అయిపోగానే మళ్ళీ అదే గది, అదే కుర్చీ. అది కూడా సెట్లో లైవ్‌గా పాడిందేనట.

ఇక నా గోడు. 'వికెడ్' ఇక్కడ ఒక మల్టీప్లెక్సులో చూశాం. సరిగ్గా ఒక పాట మధ్యలో ఇంటర్వెల్ కొట్టారు! ఆమె నోరు తెరిచి ఉంది, తెర మీద పాప్‌కార్న్ ప్రకటన. మా అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. మేనేజర్‌ని అడిగితే "సగానికి సగం అక్కడే వస్తుంది మేడం" అన్నాడు. పాట అంటే కోసెయ్యగలిగే చోటు అని మన థియేటర్లు అనుకుంటాయన్నమాట. మా అమ్మాయి మొదట అన్నదీ అదే కదా.

చిన్ని_గొడుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అందరూ తిరిగొచ్చాయి తిరిగొచ్చాయి అంటున్నారు. కొంచెం నీళ్ళు చల్లనా?

2019లో 'క్యాట్స్'. మనుషుల మొహాలకి పిల్లి బొచ్చు. అంతకంటే చెప్పను. 2021లో 'ఇన్ ద హైట్స్' బాగుంది, జనం రాలేదు. అదే రోజు ఇంట్లో ఓటీటీలో కూడా వదిలారు మరి. అదే ఏడాది స్పీల్‌బర్గ్ 'వెస్ట్ సైడ్ స్టోరీ'. 10 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 7.6 కోట్లు. తీసింది స్పీల్‌బర్గ్! అనీటా పాత్రకి 1961 నాటి పాత సినిమాలో రీటా మొరీనోకి ఆస్కార్ వస్తే, 60 ఏళ్ళ తర్వాత అదే పాత్రకి అరియానా డెబోజ్‌కి వచ్చింది. అవార్డులొచ్చాయి, టికెట్లు తెగలేదు. కోవిడ్ భయం ఉంది నిజమే, కానీ అదే నెల 'స్పైడర్‌మ్యాన్'కి జనం ఎగబడ్డారు. 2024లో రెండో 'జోకర్'. మొదటి భాగం చూసి వచ్చినవాళ్ళు పాటలు వినపడగానే మోసపోయామనుకున్నారు.

కాబట్టి తిరిగొచ్చింది మ్యూజికల్ కాదేమో. 'వికెడ్' 2003 నుంచి న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడుతున్న నాటకం. ఇరవై ఏళ్ళుగా పాటలు కంఠతా వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అది సినిమా కాదు, గుడి. భక్తులు ముందే ఉన్నారు.

నా ఇష్టమా? 1964 నాటి ఫ్రెంచి సినిమా 'షెర్‌బూర్ గొడుగులు'. మొదటి నుంచి చివరిదాకా ప్రతి మాటా పాటే. పెట్రోలు బంకులో "ఏ పెట్రోలు కావాలి?" కూడా పాటే. 'లా లా లాండ్' దర్శకుడు డామియన్ షజెల్‌కి ప్రాణం ఆ సినిమా. నా పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడర్థమైందా?

నేల_టికెట్ | ఆదివారం, మధ్యాహ్నం 2:11

పెట్రోలు బంకులో పాటా? దేవుడా. లీటరు ఎంతో కూడా పాడారా?

డల్లాస్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 6:30

గుడి అన్నమాట నాకు నచ్చింది చిన్ని_గొడుగు గారూ. అసలు ఆకర్షణ అక్కడే ఉందేమో.

'వికెడ్' వచ్చినప్పుడు ఇక్కడ పెద్ద గొడవ. జనం థియేటర్లో గొంతెత్తి పాడేస్తున్నారు, పక్కవాళ్ళు ఊరుకోమంటున్నారు. పాడొద్దని సినిమాకి ముందే హెచ్చరికలు వేశారు. చివరికి క్రిస్మస్ రోజు నుంచి పాడుకునేవాళ్ళ కోసమే వేరే షోలు పెట్టారు, కింద సాహిత్యం వేసి. మేం వెళ్ళాం. మా ముందు వరసలో డెబ్బై ఏళ్ళావిడ ఆకుపచ్చ రంగు మొహానికి పూసుకుని వచ్చింది. గొంతు అస్సలు బాలేదు. ఒక్కరూ పట్టించుకోలేదు.

'కేపాప్' సినిమా అయితే మరీ విచిత్రం. 2025 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇంట్లో ఉచితంగా ఉన్న సినిమాని ఆగస్టులో రెండు రోజులు థియేటర్లో పాడుకోవడానికి వేస్తే టికెట్లు దొరకలేదు. అదే నెల అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ మొదటి పదిలో ఒకేసారి నాలుగు పాటలు దానివే. ఇంట్లో ఒక్కడే ఫోన్ చూసుకునే కాలంలో జనం డబ్బిచ్చి మరీ వందమందితో కలిసి పాడటానికి వస్తున్నారు.

ఇది మనకి కొత్తా? హైదరాబాద్‌లో 2023లో 'ఆరెంజ్' మళ్ళీ వేస్తే ఏమైందో వీడియోలు చూడలేదా? కొత్తగా వచ్చినప్పుడు ఆడని సినిమా. రీ-రిలీజ్‌లో హాలంతా కచేరీ అయిపోయింది.

ఎడిట్_టేబుల్ | ఆదివారం, రాత్రి 8:10

మూడో_వరుస గారి అమ్మాయి పరీక్ష బాగుంది. పాట తీసేస్తే కథ తెగుతుందా? దాన్ని మన సినిమాకే పెట్టి చూద్దాం.

'నాటు నాటు'. అందరూ స్టెప్పులు, ఆస్కార్, కీవ్‌లో ప్యాలెస్ ముందు షూటింగ్ అంటారు. ఎడిటర్‌గా నాకు కనిపించేది వేరు. పాట ఒక అవమానంతో మొదలవుతుంది: నీకు డ్యాన్స్ వచ్చా అని తెల్లవాడు అడిగాడు. మధ్యలో పోటీ అవుతుంది. చివర్లో ఇద్దరే మిగులుతారు. జెన్నీ భీమ్ గెలవాలని చూస్తోందని రామ్ గమనిస్తాడు, కావాలని పడిపోతాడు. ఒక్క మాట లేదు. ఆ పడిపోవడంలో ఆ మనిషి ఎలాంటివాడో, ఆ స్నేహం ఎంతో తెలిసిపోతుంది. ఆ పాట కోసేస్తే సినిమాకి ఒక కీలు ఊడిపోతుంది. అమెరికాలో జనం తెర ముందుకెళ్ళి గంతులేశారంటే బీటు ఒక్కటే కారణం కాదు.

అంటే మనకి చేతకాక కాదు. అయిదు పాటల్లో ఒకటి అలా కుదురుతుంది, నాలుగు ఆడియో కంపెనీ కోసం.

ఇంకొకటి, అప్పు ఒకవైపే లేదు. 2001లో 'ములాన్ రూజ్' తీసిన బాజ్ లుర్‌మన్ ఇండియాలో జనం మధ్య కూర్చుని ఒక హిందీ సినిమా చూశాక, నవ్వూ ఏడుపూ పాటా అన్నీ ఒకే గిన్నెలో కలపొచ్చని తనకి తట్టిందని చెప్పుకున్నాడు. సినిమాలో 'చమ్మా చమ్మా' అనే హిందీ పాట కూడా వాడాడు. హాలీవుడ్‌లో ఈ కొత్త గాలి మొదలైంది ఆ సినిమాతోనే అంటారు చాలామంది.

కీబోర్డు_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:44

'కేపాప్'లో 'టేక్‌డౌన్' పాట ఈ పరీక్షకి ఇంకా మంచి ఉదాహరణ. హీరోయిన్ రూమీ ఆ సాహిత్యం పాడలేకపోతుంది. ఎందుకంటే అందులో తిట్టేది

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 8:47

మాస్టారి పోస్టు సగం కోశాను. చూడనివాళ్ళున్నారు. కథ చెప్పేయకండి.

కీబోర్డు_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:52

పాట మధ్యలో ఇంటర్వెల్ కొట్టావు కదయ్యా! సరే, కథ చెప్పను. పాడాల్సిన మాట పాత్ర గొంతులో ఇరుక్కుంటుంది, అదే అక్కడ సీను. సాహిత్యం మార్చాలా వద్దా అన్నదే గొడవ. మన దగ్గర సాహిత్యం గురించి పాత్రలు పోట్లాడుకున్న సినిమా ఏదైనా ఉంటే చెప్పండి, వెతుక్కుని చూస్తా.

నేల_టికెట్ | సోమవారం, రాత్రి 10:15

ఒప్పుకోలు.

మా తమ్ముడి పిల్లలతో కూర్చుని నిన్న 'వికెడ్' చూశా. మొదటి గంట నా మొహం నేను చూసుకోలేదు గానీ పిల్లలు చూసి నవ్వుకున్నారట. తొంభై లక్షల తులిప్ పూలు నిజంగా నాటారంటే కంప్యూటర్ పూలు పెట్టుకోవచ్చు కదా అనిపించింది. సాగదీత ఉంది. స్టేజీ మీద మొత్తం నాటకానికి పట్టేంత టైం సినిమా సగం కథకే తీసుకుంది, ఇదెక్కడి న్యాయం?

కానీ ఒక చోట దొరికిపోయా. ఆకుపచ్చ పిల్ల డ్యాన్స్ హాల్లోకి వస్తుంది. అందరూ నవ్వుతారు. ఆ పిల్ల ఒక్కతే ఏదో వింతగా చేతులు ఆడిస్తుంది. పాట లేదు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నట్టు అనిపించింది. తర్వాత రెండో పిల్ల వచ్చి ఎదురుగా నిలబడి అవే చేతులు ఆడిస్తుంది. టీ కోసం లేవలేదు.

పెట్రోలు బంకు సినిమా మాత్రం చూడను.

మూడో_వరుస | సోమవారం, రాత్రి 11:02

నేల_టికెట్ గారిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

హార్మోనియం_పెట్టె గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. యూట్యూబ్‌లో ఆ పద్యం కూడా పెట్టాను. మొదట "అమ్మా, ఎప్పుడొచ్చావు అనడానికి ఇంతసేపా?" అంది. నేనేమీ మాట్లాడలేదు. రెండోసారి తనే పెట్టుకుంది. మూడోసారి బాత్రూంలోంచి "బాఆఆవా" అని వినపడింది. పక్క ఫ్లాట్ ఆంటీకి రేపు ఏం చెప్పాలో తెలియట్లేదు.

ఇప్పుడు తన ప్రశ్న మీకు: "దానికి దుర్యోధనుడు ఏమన్నాడు? అది కూడా పాటేనా?"

హార్మోనియం_పెట్టె | మంగళవారం, ఉదయం 5:50

అదీ పద్యమే తల్లీ. కానీ ఆయనకి శృతి వేరే. ముందు అమ్మాయిది ఎన్నో శృతో కనుక్కుని చెప్పండి.